సాలీడును ఈడ్చుకుపోయే కందిరీగ

శ్రోతలకు నమస్కారం.

ఎండ కాస్తున్న నేలమీద నల్లని కందిరీగ ఒకటి వెనక్కి వెనక్కి నడుస్తూ, తనకంటే బరువైన సాలీడును ఈడ్చుకుపోవడం ఎప్పుడైనా చూశారా? ఆ సాలీడు చచ్చిందనే అనుకుని ఉంటారు. చావలేదు. కాళ్లు మాత్రమే చచ్చుబడ్డాయి. గుండె కొట్టుకుంటూనే ఉంది.

సాలీళ్లను మాత్రమే వేటాడే ఈ కందిరీగల కుటుంబాన్ని శాస్త్రజ్ఞులు పాంపిలిడే అంటారు. ప్రపంచంలో సుమారు 5,000 జాతులున్నాయి. వేటాడేది ఆడ కందిరీగ, అదీ ఒంటరిగా. తాను తాగేది పూల మకరందం. వేట అంతా పుట్టబోయే బిడ్డ కోసం. చచ్చిన సాలీడు కుళ్లిపోతుంది, బతికున్నది నిలవ ఉంటుంది. అందుకే చంపదు. సాలీడు పొట్టవైపు, కాళ్ల మొదళ్ల దగ్గర ముల్లు దించుతుంది. విషం నరాలకెక్కి కాళ్లు కదలకుండా పోతాయి.

నాకు ఎంతో ముచ్చటగొలిపేది ఆ తర్వాతి పని. చాలా జాతులు వేట ముగిశాకే బొరియ తవ్వుతాయి. ఈలోగా చీమలు సాలీడును ఎత్తుకుపోవచ్చు. అందుకని కొన్ని కందిరీగలు దాన్ని గడ్డిమొక్క పంగలో ఇరికించి వస్తాయి. కాసేపు తవ్వడం, వెళ్లి చూసుకోవడం, మళ్లీ తవ్వడం! బొరియ సిద్ధమయ్యాక సాలీడును లోపలికి లాగి, దాని పొట్టమీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. పైన మట్టి కప్పి, తన పొట్ట కొసతో టపటపా కొట్టి గట్టిపరుస్తుంది. కొన్ని జాతులైతే మట్టితో చిన్న పీపాల్లాంటి అరలు కట్టి, మోయడానికి వీలుగా సాలీడు కాళ్లు కొరికేస్తాయి. చైనాలో కనుగొన్న ఒక జాతి చివరి అరను చచ్చిన చీమలతో నింపుతుంది. దాని సంగతి 2014లో లోకానికి తెలిసింది.

గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు సాలీడును కొంచెం కొంచెంగా తింటుంది, ప్రాణాధారమైన భాగాలను చివరికి వదిలి. భ్రమర కీటక న్యాయం అంటామే, కీటకమే భ్రమరమైందని! లోపలికి వెళ్లింది ఒకటి, బయటికి వచ్చింది ఇంకొకటి. చూసినవారికి అలా తోచడం సహజమే. నిజానికి ఆ గూట్లో మారిపోయింది సాలీడు కాదు, దాన్ని తిని పెరిగిన పిల్ల.

ఇంత కష్టానికీ దొంగలున్నారు. ఇదే కుటుంబంలోని సెరోపేలిస్ అనే రకం కందిరీగ వేటాడదు, తవ్వదు. మరొకటి సాలీడును ఈడ్చుకుపోతుండగా చటుక్కున వచ్చి, సాలీడు ఊపిరితిత్తి చీలికలో తన గుడ్డు దాచేస్తుంది. అసలు తల్లికి ఆ సంగతి తెలియదు. ఎప్పటిలాగే తన గుడ్డు పెట్టి, మట్టి కప్పి, పొట్టతో టపటపా కొట్టి వెళ్లిపోతుంది. లోపల ముందుగా పగిలేది దొంగ గుడ్డు. అందులోంచి వచ్చిన పిల్ల మొదట తినేది ఆ తల్లి పెట్టిన గుడ్డునే.