హీట్‌సింక్ బిగించేటప్పుడు పేస్ట్ గురించి కాదు, ఒత్తిడి గురించి ఆలోచించండి

నమస్కారం అండీ. ప్రాసెసర్ మీద హీట్‌సింక్ (దాని వేడిని లాగేసే లోహపు దిమ్మె, ఫ్యాన్‌తో కలిపి కూలర్ అంటాం) బిగించడం అనగానే అందరూ అడిగేది ఒక్కటే: థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి దాటించే లేపనం) చుక్కలా పెట్టాలా, గీతలా పెట్టాలా? మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కైతే మధ్యలో శనగగింజంత పెట్టండి, చాలు. కూలర్ కిందికి నొక్కుకున్నప్పుడు అదే పరుచుకుంటుంది. కంపెనీ కూలర్ అడుగున పేస్ట్ ముందే పూసి ఉంటే, మళ్లీ పెట్టనక్కర్లేదు.

ఎక్కువగా దెబ్బ తగిలేది వేరేచోట. పాత కూలర్‌ని బలంగా లాగడం, కొత్తదాన్ని ఒకవైపే బిగించేయడం. ఈ రెండింటి గురించే ఇవాళ చెప్తాను.

ముందు తీయడం. మీది ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) మీద కూర్చునే ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ అయితే దయచేసి జాగ్రత్తగా వినండి. అందులో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, పైనుంచి దాన్ని పట్టి ఉంచే ప్లేటేమీ ఉండదు. పేస్ట్ ఎండిపోయి అతుక్కుంటే, సాకెట్ పక్కన ఉండే లివర్ లాక్ అయి ఉన్నా సరే, కూలర్‌తోపాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది. పిన్నులు వంగిపోతాయి. అందుకే ముందు ఓ పది నిమిషాలు ఏదైనా గేమ్ నడిపి వేడెక్కనివ్వండి. షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకేయండి, ఒంట్లో స్టాటిక్ కరెంట్ ఉంటే పోవడానికి క్యాబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకోండి. స్క్రూలు విప్పాక కూలర్‌ని కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిందని తెలిశాకే పైకి ఎత్తండి. 2022లో వచ్చిన ఏఎం5లో, ఇంటెల్ ఎల్‌జీఏ (పిన్నులు సాకెట్‌లోనే ఉండే రకం) సాకెట్లలో ప్రాసెసర్‌ని పట్టి ఉంచే లోహపు ఫ్రేమ్ ఉంటుంది కాబట్టి ఈ భయం చాలా తక్కువ.

పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచేయండి. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయండి. చిన్న విషయమే, కానీ చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇప్పుడు బిగించడం. నాలుగు స్క్రూల కూలర్ అయితే అన్నీ ముందు వేలితో పట్టించండి. తర్వాత ఒక మూల రెండు చుట్లు, దానికి ఐమూలగా ఉన్న ఎదురు మూల రెండు చుట్లు. ఒకే మూల పూర్తిగా బిగిస్తే రెండోవైపు లేస్తుంది, పేస్ట్ ఒక పక్కకే పోతుంది. స్క్రూ తనంతట తాను ఆగిపోతే అక్కడితో ఆపండి. ఇంటెల్ వాళ్ల పుష్ పిన్ కూలర్ (స్క్రూలకు బదులు నొక్కితే బిగుసుకునే పిన్నులుండేది) అయితే ఎదురెదురు మూలల్లో రెండేసి పిన్నులు ఒకేసారి నొక్కండి. టక్కుమనే శబ్దం ఒక్కటే నమ్మకండి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు పిన్నులూ పూర్తిగా బయటికొచ్చాయో లేదో కళ్లతో చూడండి. అందుకే బోర్డుని క్యాబినెట్‌లో పెట్టకముందే ఈ పని చేయమంటాను. పాత కూలర్ వాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఇంటెల్ 12వ తరం నుంచి వచ్చిన ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకు పెరిగింది. దానికి తగిన కిట్ లేకుండా బలవంతంగా దూర్చకండి.

ఫ్యాన్ వైరు "సీపీయూ ఫ్యాన్" అని రాసి ఉన్నచోటే పెట్టండి. ఆన్ చేసి నేరుగా బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్ స్క్రీన్) వెళ్లి టెంపరేచర్ చూడండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది వేడే 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలితో చల్లబరిచే కూలర్ అంతకంటే కిందికి దించలేదు, కాబట్టి 50 చూసి టెన్షన్ పడొద్దు. కానీ అంకె ఆగకుండా ఎక్కుతూ క్షణాల్లో 90 దాటితే వెంటనే పవర్ ఆపేయండి. కూలర్ తీసి, పేస్ట్ ఎక్కడ పరుచుకోలేదో చూసి, మొత్తం తుడిచి కొత్త పేస్ట్‌తో మళ్లీ బిగించండి.