బ్లూబర్డ్ కే7ను ముంచింది తొందరపాటు కాదు

నమస్కారం. 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కోనిస్టన్ సరస్సు మీద తీసిన ఫిల్మ్ మీలో చాలామంది చూసే ఉంటారు. బ్లూబర్డ్ కే7 అనే నీలంరంగు జెట్ పడవ ముక్కు పైకెత్తుతుంది, గాల్లో వెనక్కి పల్టీ కొడుతుంది, నీళ్లలో పడి ముక్కలవుతుంది. దాన్ని నడుపుతున్న డోనాల్డ్ కాంప్‌బెల్ అక్కడికక్కడే చనిపోయాడు. ఆ ఫిల్మ్ ఎక్కడ వేసినా వినిపించేది ఒకటే మాట: "అలలు సద్దుమణిగేదాకా ఆగలేదు, తొందరపడ్డాడు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

నీటి మీద వేగం రికార్డు కావాలంటే ఒకే కిలోమీటరు మీద అటూ ఇటూ రెండు పరుగులు, గంటలోపు. ఆ రెంటి సగటే లెక్క. మొదటి పరుగు గంటకు 479 కిలోమీటర్లు వచ్చింది. ఆయన గురి 300 మైళ్లు, అంటే దాదాపు 483. కాబట్టి తిరుగు పరుగులో 487 వస్తే చాలు. ఇంధనం నింపుకోకుండా వెంటనే తిరిగాడు, నిజమే. కానీ అది ఆయనకు కొత్త కాదు. పడవ లేపిన అలలు ఒడ్డుకు కొట్టుకుని మళ్లీ దారి మధ్యకు రావడానికి కొంత సమయం పడుతుంది. అవి వచ్చేలోపే పరుగు ముగించడం ఆయన అంతకుముందు చాలాసార్లు చేసిన పనే.

మరి ఏం జరిగింది? తుఫాను రోజున రేకుల కప్పును గుర్తు తెచ్చుకోండి. గాలి రేకు మీదుగా సాఫీగా పోతున్నంతసేపూ ఏమీ కాదు. ఒక అంచు కాస్త లేచిందా, కిందికి గాలి దూరుతుంది. దూరిన గాలి ఇంకాస్త లేపుతుంది. లేచినకొద్దీ ఇంకా దూరుతుంది. ఇక దాన్ని ఆపలేం.

కే7 దాదాపు 8 మీటర్ల పొడవు, రెండున్నర టన్నుల బరువున్న రేకు అనుకోండి. పూర్తి వేగంలో అది నీళ్లను తాకేది మూడే చోట్ల: ముందు రెండు పక్కలా ఉన్న ఫ్లోట్లు, వెనక ఒక అంచు. మిగతా ఒళ్లంతా గాల్లోనే. గాలి ఎత్తే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 1955లో అల్స్‌వాటర్ సరస్సు మీద మొదటి రికార్డు కొట్టినప్పుడు వేగం 326. ఈ చివరి పరుగులో గరిష్ఠం 528. వేగం 1.6 రెట్లే పెరిగింది, ఎత్తే బలం మాత్రం 2.6 రెట్లు. ముక్కు ఐదారు డిగ్రీలు లేస్తే చాలు, పడవ తనంతట తాను కిందికి దిగలేదు. మన రేకు అంచు లేచిపోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. రేకు ఎగరకుండా ముందు అంచు మీద మనం రాయి పెడతాం కదా. కే7కు ఆ రాయి ఇంజనే! జెట్ తోపు, అంటే ముందుకు నెట్టే బలం, పైన పనిచేస్తుంది, నీళ్లు వెనక్కి లాగే బలం కింద పనిచేస్తుంది. రెండూ కలిసి ముక్కును కిందికి నొక్కుతాయి. 1966లో పాత బెరిల్ ఇంజన్ తీసేసి 2,000 కిలోల తోపున్న ఓర్ఫియస్ పెట్టారు. 1965 యుద్ధంలో మన వైమానిక దళం నడిపిన నాట్ విమానంలో ఉన్నది ఈ ఇంజనే. కే7కు వెనక నిలబెట్టిన రెక్క కూడా నాట్‌దే.

ఫిల్మ్‌ను నెమ్మదిగా నడిపి చూడండి. ముందుగా కుడి ఫ్లోట్ ఎగిరెగిరి పడుతుంది. మొదటి పరుగు చివర పడవను ఆపడానికి వాడిన నీటి బ్రేకు వదిలిన కల్లోలం దీనికి ఒక కారణమని వాదన ఉంది. తర్వాత ముక్కు లేస్తుంది, జెట్ గొట్టం నీళ్ల వైపు తిరుగుతుంది. ఇంజన్ మండుతూ ఉంటే ఆ క్షణాన నీళ్లు తుంపర్లుగా లేవాలి. ఒక్క చుక్క లేవదు! ఇంజన్ ఆరిపోయిందని, అడుగంటిన ఇంధనం ఆ కుదుపులకు సరిగా అందలేదని చెప్పేవాళ్ల బలం ఇదే. నేనూ ఆ పక్షమే. గాలి జోరుగా ఉన్న వేళ రేకు మీది రాయి తీసేసినట్టయింది.

అభిమానుల సంగతికి వస్తాను. ఆ రోజు పైకి తేలిన వాటిలో కాంప్‌బెల్ ఎప్పుడూ వెంట తీసుకెళ్లే ఎలుగుబంటి బొమ్మ మిస్టర్ వాపిట్ ఉంది. ఆయన మాత్రం దొరకలేదు. అందుకే చాలామందికి ఆ సరస్సే సమాధి. డైవర్ బిల్ స్మిత్ బృందం 2001 మార్చిలో పడవను పైకి తీసినప్పుడు అభిమానులు నిలువునా చీలిపోయారు. కదిలించకూడదన్నారు కొందరు, ఇంటికి తెచ్చినట్టుందన్నారు ఇంకొందరు. మే నెలలో దేహం కూడా దొరికింది. సెప్టెంబరు 12న కోనిస్టన్‌లోనే అంత్యక్రియలు జరిగాయి. కూతురు జీనా చేతుల మీదుగా తండ్రికి అలా ఒక సమాధి దక్కింది. నా దృష్టిలో పడవను తీయడం సరైన పనే.

టైమ్ దగ్గరపడింది, మిగతాది గబగబా చెప్పేస్తాను. తీశాక రెండో గొడవ: శిథిలాన్ని అలాగే ఉంచాలా, మళ్లీ నడిచేలా చేయాలా? లాటరీ సొమ్ముతో వారసత్వ సంపదను కాపాడే బ్రిటన్ నిధి పునర్నిర్మాణానికి డబ్బివ్వలేదు. బిల్ స్మిత్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి, 2018 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని బ్యూట్ దీవిలో, లాక్ ఫాడ్ అనే సరస్సు మీద నడిపింది. మళ్లీ పల్టీ కొడుతుందేమోనని భయపడినవాళ్లున్నారు. అక్కడి వేగం దాదాపు 240. అంటే గాలి ఎత్తే బలం 1967లో ఉన్నదానిలో ఐదో వంతు. ఆ గాలికి రేకు లేవదు. ఆ తర్వాత పడవ ఎవరిదనే తగాదా సాగి సాగి, చివరికి 2024 మార్చిలో కోనిస్టన్‌లోని రస్కిన్ మ్యూజియంకు చేరింది.

రికార్డు సంగతి అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. 1978 అక్టోబరు 8న ఆస్ట్రేలియాలో కెన్ వార్బీ 511 కొట్టాడు. దాన్ని దాటబోయిన లీ టేలర్ 1980లో, క్రెయిగ్ ఆర్ఫన్స్ 1989లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వార్బీ పడవ నిలకడ ఎక్కడిదో వచ్చే వీడియోలో, తోక రెక్కల కొలతలతో సహా.