కాన్పు నొప్పులకు గ్యాస్: మాస్క్ ఎప్పుడు పెట్టుకోవాలి?

నమస్తే అమ్మా, కావలి నుంచి మీ నర్సక్కను. తొమ్మిదో నెల చెకప్‌కి వచ్చే అమ్మాయిలు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు, "గ్యాస్ పీలిస్తే నొప్పులు తెలియవంట కదా అక్కా" అని. తెలుస్తాయి! ఇప్పుడే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. నొప్పి ఉంటుంది, కాకపోతే మనకి కాకుండా పక్కింటి వాళ్లకి వస్తున్నట్టు ఉంటుంది.

దీని పేరు ఎంటోనాక్స్. సగం నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్, సగం ఆక్సిజన్, రెండూ ఒకే సిలిండర్లో కలిసే ఉంటాయి. అలా ముందే కలిపి ఇవ్వడం 1961లో మైకేల్ టన్‌స్టాల్ అనే బ్రిటన్ మత్తు డాక్టరు మొదలుపెట్టాడు. చరిత్ర చాలు, పనిలోకి వద్దాం.

అసలు కిటుకంతా టైమింగే. గ్యాస్ పీల్చాక పూర్తిగా పట్టడానికి అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది, నొప్పేమో దాదాపు నిమిషంలో వచ్చి పోతుంది. అందుకే నొప్పి తారాస్థాయికి చేరాక మాస్క్ కోసం వెతుక్కుంటే, గ్యాస్ పట్టేసరికి ఆ నొప్పి వెళ్లిపోయి ఉంటుంది, మీకు మిగిలేది తల తిరుగుడే. నర్సునై ఉండి నా మొదటి కాన్పులో నేనూ ఇదే తప్పు చేశా, నవ్వకండి. పొట్ట బిగుసుకోవడం మొదలవగానే మాస్క్ గట్టిగా ఆనించుకుని, నిదానంగా, లోతుగా పీల్చండి, వదలడం కూడా అందులోకే. మీరు పీలిస్తేనే వాల్వ్ తెరుచుకుంటుంది, చప్పుడు వినపడుతుంది. నొప్పి తగ్గగానే తీసి పక్కన పెట్టి మామూలు గాలి పీల్చుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట, ఇది అత్తమ్మలకీ అమ్మలకీ కూడా. మాస్క్ పట్టుకోవాల్సింది కాన్పు అయ్యే మనిషే. "చెయ్యి నొప్పి పుడుతుందేమో, ఇటివ్వు నేను పట్టుకుంటా" అని ప్రేమగా అడిగినా ఇవ్వొద్దు. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే జారిపోతుంది, మాస్క్ ఊడి మామూలు గాలి ఆడుతుంది. వేరేవాళ్లు అదిమి పట్టుకుంటే ఆ రక్షణ పోయినట్టే.

వికారం, నోరు ఎండిపోవడం, తూలినట్టు ఉండడం మామూలే, ఆపేసిన కొద్ది నిమిషాల్లో పోతాయి. గ్యాస్ వల్ల కాన్పు నొప్పులు రావడమేమీ ఆగిపోదు. అయితే విటమిన్ బి12 తక్కువుందని ఎప్పుడైనా చెప్పి ఉన్నా, ఈ మధ్య చెవికో కంటికో ఆపరేషన్ జరిగినా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన సమస్య ఉన్నా డాక్టరుకు ముందే చెప్పండి. నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ చేయించుకున్నా చెప్పాలి, మత్తు ఇంకా ఎక్కువవుతుంది.

ఇది అన్ని ఆసుపత్రుల్లో ఉండదమ్మా. నెల్లూరైనా ఒంగోలైనా, నొప్పులొచ్చాక 108లో కూర్చుని కాదు, చెకప్‌కి వెళ్లినప్పుడే అడిగి పెట్టుకోండి.

సరే, ఇప్పుడు నాతో పాటు చేయండి. అరచేతిని మాస్కులాగా ముక్కు, నోటి మీద వదులుగా పెట్టుకోండి. పొట్ట బిగుస్తోంది అనుకోండి... ఆఁ, ఇప్పుడే, పీల్చండి... మెల్లగా... వదలండి.