రేడియో తరంగాలు, బంగారు రేణువులు: ఆ వేడి ఎవరిది?

క్యాన్సర్ గడ్డను రేడియో తరంగాల వేడితో చంపొచ్చా అని చూడ్డానికి, సాసేజ్ మధ్యలో ఒకచోట మైలుతుత్తం నీళ్లు ఎక్కించి, రెండు పళ్లాల మధ్య పెట్టి రేడియో తరంగాలు వదిలారు. మందు ఎక్కిన చోటే ఉడికింది, మిగతాది పెద్దగా వేడెక్కలేదు. ఈ ప్రయోగం చేసింది అమెరికాలోని ఈరీ ఊరికి చెందిన జాన్ కాంజియస్. వైద్యుడు కాదు, రేడియో, టీవీ స్టేషన్లు నడిపిన మనిషి. 2002లో తనకే రక్త క్యాన్సర్ బయటపడింది. కీమో చేయించుకుంటూనే ఇంట్లో ఈ యంత్రం కట్టారు.

ఆయన వాడింది 13.56 మెగాహెర్ట్జ్. ఫోన్ తాకించి డబ్బు కట్టే ఎన్ఎఫ్‌సీదీ ఇదే ఫ్రీక్వెన్సీ, కాబట్టి అందులో మహత్యమేమీ లేదు. దాని తరంగదైర్ఘ్యం 22 మీటర్లు. అంత పొడవు తరంగాన్ని టార్చిలైటులా మూడు సెంటీమీటర్ల గడ్డ మీదికి గురిపెట్టడం కుదరదు, ఒళ్లంతా దాటిపోతుంది. గురి కుదరాలంటే గడ్డలోనే వేడిని పట్టుకునేదేదో ఉండాలి. కంటికి కనబడనంత చిన్నదైన నానో రేణువు అవసరం అక్కడ వచ్చింది.

అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో స్టీవెన్ కర్లీ బృందం 2007లో కుందేళ్ల కాలేయ గడ్డల్లోకి కార్బన్ నానోట్యూబులు (అతిసన్నని కార్బన్ గొట్టాలు) ఎక్కించి తరంగాలు పెట్టింది. 48 గంటల తర్వాత చూస్తే గడ్డలు పూర్తిగా చచ్చిపోయాయి.  అయితే రెండు సంగతులు మరచిపోకూడదు. ట్యూబుల్ని రక్తంలోకి కాదు, సూదితో నేరుగా గడ్డలోకే ఎక్కించారు. చుట్టూ ఉన్న మంచి కాలేయం కూడా 2 నుంచి 5 మిల్లీమీటర్ల మేర కాలింది.

తర్వాత బంగారు నానో రేణువుల వంతు. పేచీ ఇక్కడే మొదలైంది. 2011లో మరో బృందం కొలిచి చూస్తే, బంగారు రేణువులు ఈ తరంగాల్ని పీల్చుకునేది లెక్కలోకి రానంత తక్కువ. మరి ద్రావణం ఎందుకు వేడెక్కింది? రేణువుల తయారీలో మిగిలిపోయిన లవణాల అయాన్ల వల్ల. ఉప్పునీళ్లు పెట్టినా వేడెక్కుతాయి! మరుసటి ఏడు కర్లీ బృందమే శుద్ధిచేసి చూసి, 10 నానోమీటర్లు, అంతకంటే చిన్న రేణువులు వేడెక్కుతాయని చెప్పింది. పెద్దవాటితో అది కనబడలేదు.

ల్యాబులో ఈ పని చేసేవాళ్లకు ఒక మాట. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి రేణువులు తీసేయండి, పైన తేలిన నీటిని విడిగా వేడిచేయండి. రేణువులున్న ద్రావణం గ్రాఫూ, ఈ నీటి గ్రాఫూ ఒకేలా పెరిగితే ఆ వేడి రేణువులది కాదు. వేడి కొలవడానికి మామూలు థర్మోకపుల్ వద్దు, ఆ లోహపు తీగే తరంగాన్ని పట్టి తప్పు అంకె చూపిస్తుంది. ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ వాడాలి.

సరే, వేడి పుట్టిందనే అనుకుందాం. రేణువు గడ్డదాకా చేరాలిగా? పదేళ్ల ప్రయోగాల్ని కలిపి 2016లో లెక్కవేస్తే, నరంలోకి ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. అంటే 100 మిల్లీగ్రాములిస్తే 0.7 మిల్లీగ్రాము. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. అసలు గడ్డే కాలేయంలో ఉంటే ఆ ఇబ్బంది చెప్పనక్కర్లేదు. ఇది చాలదన్నట్టు, రోగిని ఆ యంత్రం రెండు పళ్లాల మధ్య పడుకోబెట్టినప్పుడు చర్మం కింది కొవ్వు పొర ముందు కాగుతుంది. కొవ్వు మందంగా ఉన్నవాళ్లకు అది మరీ కష్టం.

కాంజియస్ 2009 ఫిబ్రవరిలో చనిపోయారు. తన యంత్రంతో చికిత్స చేయించుకునే రోజు ఆయనకు రాలేదు.

రోగులదాకా వెళ్లింది వేరే దారి, జర్మనీలోని మాగ్‌ఫోర్స్ కంపెనీది. సుమారు 12 నానోమీటర్ల ఐరన్ ఆక్సైడ్ రేణువుల్ని నేరుగా మెదడు గడ్డలోకి ఎక్కించి, 100 కిలోహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రంలో గంట చొప్పున ఆరుసార్లు ఉంచేవారు. 2010లో ఐరోపాలో అనుమతి వచ్చింది. అయితే క్షేత్రానికి దగ్గర్లో ఉన్న పళ్ల లోహపు ఫిల్లింగులు ముందే పీకించుకోవాల్సి వచ్చేది. లోపల ఇనుము ఉండిపోతుంది కాబట్టి ఆ చోట ఎంఆర్‌ఐ పనికిరాదు, గడ్డ మళ్లీ పెరుగుతోందేమో చూడడానికి సీటీనే దిక్కు. కంపెనీ 2022లో దివాలాకు దరఖాస్తు పెట్టింది.

మన ఆసుపత్రుల్లో డాక్టరు 'ఆర్ఎఫ్ఏ' (రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్) అని రాస్తే అది ఇవేవీ కాదు. అందులో నానో రేణువులుండవు. స్కాన్ చూస్తూ సూదిని గడ్డలోకి దింపి, దాని కొన చుట్టూ ఉన్న కణజాలాన్ని దాదాపు 500 కిలోహెర్ట్జ్ కరెంటుతో వేడిచేస్తారు. కాలేయంలో మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు బాగా పనిచేస్తుంది. పక్కనే పెద్ద రక్తనాళం ఉంటే మాత్రం పారే రక్తం వేడిని లాగేస్తుంది, ఆ అంచున కణాలు బతికిపోతాయి. మీ గడ్డ సైజెంత, పక్కన నాళం ఉందా అని సూది వేయించుకునే ముందే అడగండి.