డిష్‌లో పెరిగిన చర్మం: హోవర్డ్ గ్రీన్ పరిశోధనా జీవితం

అందరికీ నమస్కారం.

ఈ రోజు హోవర్డ్ గ్రీన్ గురించి చెప్తాను. కణ జీవశాస్త్రం చదివేవాళ్లలో ఆయన పేరు వినని వాళ్లుంటారేమో గానీ, ఆయన తయారుచేసిన 3టీ3 కణాల గురించి విననివాళ్లు అరుదు.

ఆయన 1925లో టొరంటోలో పుట్టారు. 1947లో అక్కడే మెడిసిన్ పూర్తిచేశారు. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో ఉండగా, జార్జ్ టొడారోతో కలిసి చిట్టెలుక పిండం నుంచి ఫైబ్రోబ్లాస్ట్ కణాలు, అంటే చర్మం లోపలి పొరలాంటి చోట్ల కణజాలాన్ని కలిపి ఉంచే కణాలు, తీశారు. వాటిని మూడేసి రోజులకు ఒకసారి, డిష్‌కు, అంటే కణాలను పెంచే చిన్న పళ్లేనికి, 3 లక్షల చొప్పున కొత్త డిష్‌లలోకి మారుస్తూ పోయారు. అలా స్థిరపడిన కణాలే 3టీ3. వాటి గురించి 1963లో ప్రచురించారు. ఇవి పక్క కణానికి తగలగానే పెరగడం మానేస్తాయి. క్యాన్సర్ కణాలు అలా ఆగవు. ఆ తేడా ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ఇవి ఎంతో పనికొచ్చాయి. చర్మం మాట అప్పటికి ఎవరి మనసులోనూ లేదు.

చర్మం దగ్గరికి ఆయన వచ్చింది 1970 తర్వాత, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు. జేమ్స్ రైన్‌వాల్డ్ అనే విద్యార్థితో కలిసి చిట్టెలుకలో వచ్చే టెరటోమా అనే కణితిని పరిశీలిస్తున్నారు. రకరకాల కణజాలాలు కలగలిసి ఉండే కణితి అది. డిష్‌లో చర్మపు పైపొర కణాల్లాంటివి కొన్ని కనబడ్డాయి. పక్కన ఫైబ్రోబ్లాస్టులు ఉన్నంతసేపే పెరిగాయి, వాటిని తీసేస్తే పెరగలేదు. చాలామంది దాన్ని చూసి వదిలేసి, తాము మొదలుపెట్టిన పనికే తిరిగి వెళ్లేవారు. వీళ్లు వదల్లేదు. ఈ జీవితకథలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

మనిషి చర్మపు పైపొర కణాలను, అంటే కెరటినోసైట్లను, అప్పటిదాకా డిష్‌లో సరిగా పెంచలేకపోయేవారు. కొద్దిసార్లు విభజన చెంది ఆగిపోయేవి. లేదంటే వాటితో కలిసి వచ్చిన ఫైబ్రోబ్లాస్టులు డిష్ అంతా ఆక్రమించేవి. గ్రీన్, రైన్‌వాల్డ్ తమ పాత 3టీ3 కణాలకే రేడియేషన్ ఇచ్చారు. అవి బతికే ఉంటాయి గానీ విభజన చెందవు. వాటి మీద మనిషి కణాలు వేస్తే చక్కగా పెరిగాయి. అక్కరలేని ఫైబ్రోబ్లాస్టులు కూడా అణగిపోయాయి. 1975లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి పుట్టిన కణాలు, పన్నెండేళ్ల తర్వాత, మనిషి చర్మానికి దాదుల్లా పనిచేశాయి.

తర్వాతి కొన్నేళ్లు మెరుగులు దిద్దడంతోనే గడిచాయి. ఏ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాల్ని పెరగమని ప్రేరేపించే పదార్థం, కలిపితే కణాలు ఎక్కువ తరాలు బతుకుతాయి, పెరిగిన పొరను చిరగకుండా డిష్ నుంచి ఎలా ఊడదీయాలి, ఇలాంటి ప్రశ్నలు. రెండోదానికి డిస్పేస్ అనే ఎంజైమ్ దొరికింది. దాంతో పొర మొత్తం ఒక్క రేకుగా వచ్చేసేది. 1979 నాటికి, చిన్న చర్మపు ముక్కతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో దాన్ని వేల రెట్లు విస్తరించవచ్చని గ్రీన్ బృందం చూపింది.

దీని విలువ 1983లో తెలిసింది. ఒంటిమీద చర్మం 95 శాతానికి పైగా కాలిపోయిన ఇద్దరు చిన్న పిల్లల్ని బోస్టన్‌లోని కాలిన గాయాల ఆసుపత్రికి తెచ్చారు. మామూలుగా అయితే ఒంట్లో బాగున్న చోటి నుంచి చర్మం తీసి గాయం మీద అతికిస్తారు. వాళ్లకు తీయడానికి మిగిలింది ఎంత? మిగిలిన కొద్ది చర్మం నుంచే గ్రీన్ ప్రయోగశాలలో రేకులు పెంచారు. ఒక్కో బిడ్డకు శరీరంలో దాదాపు సగం ఆ రేకులతోనే కప్పారు. ఇద్దరూ బతికారు. ప్రయోగశాలలో పని విసుగనిపించినప్పుడల్లా ఈ పిల్లల్ని గుర్తు చేసుకోండి.

అన్ని కెరటినోసైట్లూ ఒకలాంటివి కావని కూడా గ్రీన్ ప్రయోగశాలే తేల్చింది. 1987లో ఆయన, యాన్ బరాండన్ కలిసి ఒక్కొక్క కణాన్ని విడిగా పెంచి చూశారు. కొన్ని కణాలు తరతరాలుగా పెరుగుతూనే ఉంటాయి. వాటి సంతతికి హోలోక్లోన్ అని పేరు పెట్టారు. కొన్నిటి సంతతి మాత్రం పదిహేను తరాల్లోపే ముగిసిపోతుంది. వాటిని పారాక్లోన్లు అన్నారు. మధ్యరకం మెరోక్లోన్లు. అతికించిన చర్మం కలకాలం నిలవాలంటే మొదటి రకం కణాలు అందులో ఉండి తీరాలి. వైద్యులు రేకు ఎంత పెద్దదో చూస్తే చాలదు, అందులో ఈ కణాలున్నాయో లేదో చూడాలి.

ఆయన దగ్గర పనిచేసిన వాళ్లు ఈ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఎలైన్ ఫుక్స్ కెరటిన్ జన్యువుల మీద పనిచేసి, ఒక బొబ్బల వ్యాధికి కారణం కనుక్కున్నారు. ఇటలీలో మికేలే డి లూకా బృందం, జన్యులోపంతో చర్మం రాలిపోతున్న ఏడేళ్ల బాలుడి కణాల్లో సరైన ఎల్‌ఏఎంబీ3 జన్యువును చేర్చి పెంచింది. జర్మనీలో వైద్యులు ఆ రేకులతో అతని పైపొరలో దాదాపు 80 శాతం మార్చారు. ఆ ఫలితం 2017లో వెలువడింది. అప్పటికి గ్రీన్ లేరు, 2015లో కన్నుమూశారు. కొత్త చర్మాన్ని నిలబెడుతున్నది కొద్దిపాటి దీర్ఘాయుష్షు కణాలేనని, అవి హోలోక్లోన్ రకానివేనని ఆ పరిశోధన చూపింది. 1987 నాటి డిష్‌లోని మాట, మనిషి ఒంట్లో రుజువైంది.

చేయాల్సింది ఇంకా చాలా ఉంది. ఇలా పెంచిన పైపొరలో చెమట గ్రంథులుండవు, వెంట్రుకల కుదుళ్లుండవు. ఒళ్లంతా కాలి బతికినవాళ్లకు ఎండలో ఒంటి వేడి తగ్గే దారి సరిగా ఉండదు. మీలో ఎవరైనా ఈ పని మీదే కూర్చోవాలని నా కోరిక. ఇక మీ ప్రశ్నలు అడగండి.