కాక్టస్ పూల కిట్ రివ్యూ: మట్టి బంగారం, కార్డు మాత్రం పక్కన పెట్టండి

నమస్కారం. కాక్టస్ మొక్కలకు పూలు పూయించే కిట్ అంటూ ఒక ఆన్‌లైన్ విక్రేత నాకు పంపిన పెట్టె గురించి ఈ వీడియోలో మాట్లాడుతున్నాను. ముందుగా ఒక విషయం స్పష్టం చేస్తాను. ఈ కిట్‌ను నేను కొనలేదు, వారే ఉచితంగా పంపారు. వీడియో కోసం డబ్బు తీసుకోలేదు, ఏమి చెప్పాలో వారు నాకు సూచించనూ లేదు. బరువులు, కొలతలు, ధర మీరు అమ్మకపు పేజీలో చూసే ఉంటారు కాబట్టి వాటిని మళ్లీ చదవను. మట్టి మిశ్రమం, రెండు మట్టి కుండీలు, పూల కోసం ఒక ద్రవ ఎరువు, నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పే ఒక కార్డు, ఇవే ఆ పెట్టెలో ఉన్నవి. వీటిలో మట్టి మిశ్రమం నాకు ఎంతో నచ్చింది. కార్డు చదివాక మాత్రం చాలా కోపం వచ్చింది. అందుకే ఈ వీడియోలో ఎక్కువ భాగం ఆ రెండింటికే కేటాయిస్తున్నాను.

మిశ్రమాన్ని దోసెడు తీసి తెల్లని పళ్లెంలో పోశాను, చూడండి. ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి ముక్కలు, ఎర్రగా కాలిన ఇటుక ముక్కలు, కొద్దిగా బొగ్గు, చాలా కొద్దిగా వర్మీకంపోస్టు కనిపిస్తున్నాయి. ఈ పదార్థాలలో కొత్తదనం ఏమీ లేదు, కాక్టస్ పెంచేవారందరికీ ఇవి తెలిసినవే. నన్ను ఆకట్టుకున్నది వేరు. పళ్లెం పక్కకు వంచితే ముక్కలన్నీ దొర్లిపోయాయి గానీ, అడుగున పొడి మిగల్లేదు. అంటే ఎవరో ఈ మిశ్రమాన్ని ఓపికగా జల్లెడ పట్టారు. ముక్కలన్నీ దాదాపు 3 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్యనే ఉన్నాయి. ఈ ఒక్క పనిని సరిగా చేసిన రెడీమేడ్ మిశ్రమం ఇప్పటిదాకా నా చేతికి రాలేదు కాబట్టి, దీని గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

జల్లెడ పట్టడం ఎందుకంత ముఖ్యమో చూద్దాం. ఏ కుండీలోనైనా నీళ్లు పోశాక, అదనపు నీరంతా రంధ్రంలోంచి కారిపోయిన తరువాత కూడా, అడుగున కొంత ఎత్తువరకు మట్టి పూర్తిగా తడిగానే ఉండిపోతుంది. రేణువులు ఎంత సన్నగా ఉంటే ఆ తడి పొర అంత ఎత్తుగా నిలుస్తుంది. మిశ్రమంలో పొడి ఉంటే, ప్రతిసారీ నీళ్లు పోసినప్పుడు అది కొంచెం కొంచెంగా కిందికి జారి, రాళ్ల మధ్య ఉన్న ఖాళీలను పూడ్చేస్తుంది. కొన్ని నెలలకు పైన రాళ్లు ఆరిపోయి కనిపిస్తాయి, అడుగున వేళ్లు మాత్రం బురదలో ఉంటాయి. కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే ఈ సమస్య పోతుందని చాలామంది నమ్ముతారు, కానీ ఆ తడి పొర గులకరాళ్ల పైకి జరుగుతుందే తప్ప తగ్గదు, పైగా వేళ్లకు ఉన్న చోటు తగ్గిపోతుంది. దీనికి పరిష్కారం పైనుంచి కిందిదాకా ఒకే రకమైన గరుకు మిశ్రమం వాడడమే.

గతంలో వేరే విక్రేత దగ్గర కొన్న కాక్టస్ మిశ్రమం కూడా నేను వాడాను. అందులో ముప్పావు వంతు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, పైపైన కొన్ని పెర్లైట్ అనే తెల్లటి తేలికైన గింజలు ఉండేవి. హైదరాబాద్‌లో జులై, ఆగస్టు నెలల్లో రోజుల తరబడి ముసురు పడుతున్నప్పుడు ఆ కోకోపీట్ ఆరదు. వేసవిలో పూర్తిగా ఆరితే, పోసిన నీటిలో కొంత కుండీ అంచుల వెంట జారిపోతుంది. కూరగాయల మొక్కలకు కోకోపీట్ మంచి పదార్థమే, దానిని నేను తప్పుపట్టడం లేదు. కాక్టస్ వేళ్లకు కావలసింది మాత్రం ఒక్కసారిగా సమృద్ధిగా తడవడం, ఆ తరువాత రెండు మూడు రోజుల్లో గాలి ఆడుతూ ఆరిపోవడం. ఈ కిట్‌లోని మిశ్రమంలో సరిగ్గా అదే జరుగుతోంది. నీళ్లు పోసిన క్షణాల్లోనే రంధ్రంలోంచి ధారగా బయటికి వస్తున్నాయి.

ఈ మిశ్రమం కొనకుండా ఇంట్లోనే తయారు చేసుకోవాలనుకునేవారు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు. ఇటుక బట్టీ దగ్గర దొరికే బాగా కాలిన ముక్కలను దంచి, ఇల్లు కట్టేచోట వాడే ఇసుక జల్లెడలు పెద్ద కన్నాలది ఒకటి, సన్న కన్నాలది ఒకటి తీసుకుని రెండింటిలోనూ పట్టి, పైన మిగిలిన పెద్ద ముక్కలను, కిందికి రాలిన పొడిని రెండింటినీ తీసేసి, మధ్య రకం మాత్రమే ఉంచుకోవాలి. దానిని నీళ్లలో రెండుసార్లు కడిగి ఎండబెట్టి, ఐదో వంతుకు మించకుండా వర్మీకంపోస్టు కలిపితే చాలు. శ్రమ ఎక్కువే గానీ ఖర్చు చాలా తక్కువ.

మిశ్రమంలో ఒక పరిమితి కూడా ఉంది. పెట్టె మీద అన్ని రకాల కాక్టస్‌లకూ సరిపోతుందని రాశారు. మన ఇళ్లలో బ్రహ్మకమలం అని పిలుచుకుంటూ రాత్రిపూట పూసేదాకా మేలుకొని చూసే ఎపిఫిల్లమ్ కూడా కాక్టస్ కుటుంబానిదే. కానీ అది అడవుల్లో చెట్ల కొమ్మలను ఆధారం చేసుకుని పెరిగే మొక్క. దానికి ఆకు ఎరువు, కొంత తేమ, నీడ అవసరం. ఈ రాళ్ల మిశ్రమంలో అది వాడిపోతుంది.

కుండీల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రంగు పూయని మట్టి కుండీలు, చూపుడు వేలు పట్టేంత రంధ్రం, మంచి కాల్పు. రంధ్రం లేని మెరిసే పింగాణీ కుండీలలో కాక్టస్ పెట్టి బహుమతిగా ఇవ్వడం ఈ మధ్య బాగా పెరిగింది కాబట్టి, ఇలాంటి సాదా కుండీ ఇచ్చినందుకు వీరిని అభినందిస్తున్నాను.

ఇప్పుడు కార్డు సంగతికి వస్తాను. జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు నెలలకూ ఒకే మాట ముద్రించారు: వారానికి ఒకసారి నీళ్లు పోయండి. పూలు పూయించే కిట్ అని పేరు పెట్టి, పూలు రాకుండా చేసే సలహాను అందమైన కాగితం మీద అచ్చు వేయడం నాకు చాలా బాధ కలిగించింది. దీనిని నమ్మి ఏడాదంతా శ్రద్ధగా నీళ్లు పోసినవారి మొక్క పచ్చగా, లావుగా పెరుగుతుంది గానీ మొగ్గ తొడగదు. పైగా వారు తమ చేతిలోనే ఏదో లోపం ఉందని అనుకుంటారు.

మనం కుండీల్లో పెంచే చిన్న కాక్టస్‌లలో చాలా వాటికి పూత అనేది చలికాలపు విశ్రాంతి మీద ఆధారపడి ఉంటుంది. వాటిలో రెబూషియా అనే రకం సహజంగా బొలీవియా, అర్జెంటీనా దేశాలలోని ఆండీస్ కొండల మీద పెరుగుతుంది. మామిల్లేరియా అనే ఇంకో జాతిలో ఎక్కువ రకాలు మెక్సికోవి. ఆ రెండు చోట్లా చలికాలం చల్లగానే కాదు, పొడిగా కూడా ఉంటుంది. ఆ నెలల్లో మొక్క ఎదుగుదల ఆపి, నీరు తగ్గి కొంచెం ముడుచుకుంటుంది. వేడి పెరిగాక, దాచుకున్న శక్తితో మొగ్గలు వేస్తుంది. చలికాలంలో కూడా నీళ్లు పోస్తూ ఉంటే మొక్కకు ఆ విరామం దొరకదు.

ఈ విషయంలో హైదరాబాద్, తెలంగాణ జిల్లాలవారు నిజంగా అదృష్టవంతులు. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత చాలాసార్లు 15 డిగ్రీలకు దిగువకు వస్తుంది, ఆదిలాబాద్ వైపు 10 డిగ్రీలకన్నా తక్కువకు కూడా పడిపోతుంది, గాలి పొడిగా ఉంటుంది, పగలంతా మంచి ఎండ కాస్తుంది. ఐరోపాలో కాక్టస్ పెంచేవారికి చలి ఉంటుంది గానీ ఈ ఎండ ఉండదు. మనకు రెండూ ఉన్నాయి. మనం చేయవలసిందల్లా నీళ్లు ఆపడమే. నా డాబా మీద నవంబరు మధ్యలో నీళ్లు తగ్గించి, డిసెంబరు మొదటికి పూర్తిగా ఆపేస్తాను. మరీ చిన్న మొక్కలకు మాత్రం నెలకొకసారి ఎండగా ఉన్న ఉదయం కొద్దిగా చిలకరిస్తాను. మొక్క కొంచెం ముడతలు పడినా భయపడను. ఫిబ్రవరిలో మామిల్లేరియా తల చుట్టూ, ముళ్ల గుబ్బల సందుల్లో గులాబీ రంగు చుక్కలు వలయంగా కనిపించే ఉదయం కోసం నేను ప్రతి ఏడాదీ ఎదురు చూస్తాను. ఆ మొగ్గలు స్పష్టంగా కనిపించాకే నీళ్లు మొదలుపెడతాను. రెబూషియా, ఎకినాప్సిస్ లాంటి కాక్టస్‌లకు తొందరపడి ముందుగానే నీళ్లు పోస్తే, మొగ్గ కావలసినది పిల్ల మొక్కగా మారిపోవచ్చు.

మామిల్లేరియా గురించి ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. దాని పూలు కిందటి సంవత్సరం పెరిగిన భాగం నుంచి వస్తాయి. కాబట్టి చలికాలంలో నీళ్లు ఆపడం ఎంత అవసరమో, జూన్ నుంచి అక్టోబరు దాకా మొక్కను బాగా పెరగనివ్వడం కూడా అంతే అవసరం. ఏడాదంతా నీళ్లు బిగబట్టినా పూలు రావు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు చాలా రకాలు ఎదుగుదల ఆపేస్తాయి, అప్పుడు 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచి, ఎండ తగ్గాక సాయంత్రం పూట మాత్రమే నీళ్లు పోయాలి. పన్నెండు నెలలకు ఒకే మాట రాసిన కార్డులో ఇవేవీ లేవు.

కోస్తా జిల్లాలవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం ఇస్తాను. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల చలికాలపు రాత్రులు అంత చల్లబడవు, గాలిలో తేమ ఎక్కువ. అక్కడివారు చలిని కోరే రెబూషియాతో పట్టుదలకు పోకుండా, జిమ్నోకాలిసియం, ఆస్ట్రోఫైటమ్, మెలోకాక్టస్ లాంటివాటిని ఎంచుకుంటే మంచిది, ఎందుకంటే వాటికి వెచ్చని రాత్రులు పెద్ద అడ్డంకి కావు. జిమ్నోకాలిసియం కొంచెం నీడలో కూడా పూస్తుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, అక్కడ నీళ్లు పోయడం ఆపితే చాలదు, పైన పారదర్శకమైన షీటు కప్పు తప్పనిసరి. ఇక అనంతపురంలో ఏడాది వర్షమే సుమారు 550 మిల్లీమీటర్లు, తేమ తక్కువ, ఎండ పుష్కలం. కాక్టస్ పెంచాలనుకునే తెలుగువారికి అంతకన్నా అనువైన ఊరు నాకు తోచదు.

ద్రవ ఎరువును ఎదిగే కాలమంతా వాడి చూశాను. నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువు ఇది. నత్రజని ఎక్కువైతే మొక్క మెత్తగా ఉబ్బి కుళ్లుకు లోనవుతుంది కాబట్టి ఈ పాళ్లు సరైనవే. కానీ సీసా మీద పూల బొమ్మ వేసి, నాలుగు చుక్కలు వేస్తే పూలు వస్తాయన్న భావన కలిగించడం సరికాదు. వేళ్లు ఆరోగ్యంగా ఉండి, ఎండ తగిలి, విశ్రాంతి దొరికిన మొక్కకు మాత్రమే ఎరువు ఉపయోగపడుతుంది. రైతులు డ్రిప్‌లో వాడే 0-52-34 రకం ఎరువు, అంటే నత్రజని లేకుండా 52 శాతం భాస్వరం, 34 శాతం పొటాష్ ఉన్నది, ఏ పురుగుమందుల దుకాణంలోనైనా కిలో ప్యాకెట్‌గా దొరుకుతుంది. ఎదిగే కాలంలో నెలకొకసారి లీటరు నీటికి అర గ్రాము కలిపి పోస్తే అది కొన్నేళ్లపాటు వస్తుంది.

పెట్టె మీది బొమ్మ గురించి కూడా చెప్పక తప్పదు. ఎర్రటి తల ఉన్న కాక్టస్‌ను పూసిన కాక్టస్ అన్నట్టుగా చూపించారు. ఆ ఎర్రటి బంతి పువ్వు కాదు. పత్రహరితం లేని జిమ్నోకాలిసియం మొక్కను డ్రాగన్ ఫ్రూట్ జాతి కాండం మీద అంటు కట్టి తయారు చేస్తారు. నర్సరీలలో ఎండు పూలను జిగురుతో అంటించి అమ్మే కాక్టస్‌లు కూడా కనిపిస్తాయి. పువ్వును మెల్లగా పరిశీలిస్తే అడుగున గట్టిపడిన జిగురు తెలిసిపోతుంది. పూల కోసమే కొనేవారు పెద్ద బంగారు బంతిలా ఉండే గోల్డెన్ బ్యారెల్‌ను కూడా ఎంచుకోకండి, అది పూయడానికి సాధారణంగా పదిహేనేళ్లకు పైగా పడుతుంది. కొత్తవారికి చేతిలో పట్టేంత మామిల్లేరియాను మించిన మొక్క లేదు.

ఇక నా తీర్పు. కుండీలకు, ఎరువుకు విడివిడిగా మార్కులు వేసి కూడితే ఈ కిట్ ధరకు తగినది కాదనే చెప్పవలసి వస్తుంది. అయినా నేను దీనిని కొనమనే చెబుతున్నాను, అందుకు కారణం ఆ జల్లెడ పట్టిన మిశ్రమం ఒక్కటే. వేళ్ల చుట్టూ ఉన్న నర్సరీ కోకోపీట్ ముద్దను పూర్తిగా తీసేసి, ఆ వేళ్లలో తెల్లటి పిండినల్లి ఉందేమో చూసి, ఈ మిశ్రమంలో నాటి, వారం పాటు నీళ్లు పోయకుండా ఉంచండి. కార్డును మాత్రం పక్కన పెట్టండి. విక్రేతకు నేను ఇప్పటికే రాశాను: మిశ్రమాన్ని ఒక్కదానినే ఐదు కిలోల సంచిగా అమ్మండి, కార్డును నెలలవారీగా, తెలంగాణకు, కోస్తాకు, రాయలసీమకు వేరువేరుగా మళ్లీ అచ్చు వేయించండి అని. వారు అలా చేస్తే, ఆ సంచిని నా డబ్బుతో నేనే కొంటాను.