సిమ్యులేషన్ పేలిపోయినప్పుడు ముందు ఎక్కడ చూడాలి?

[తెర మీద: ఉక్కు బ్రాకెట్ ఒకటి నేల మీద పడుతుంది. కొద్దిగా వంగుతుంది. ఉన్నట్టుండి దాని ఒక మూల నుంచి ముళ్లలాంటి గీతలు తెర బయటికి దూసుకుపోతాయి.]

నమస్కారం. ఇప్పుడు మీరు చూసినది నేను కంప్యూటర్‌లో నడిపిన లెక్కే. వస్తువును ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొడతాం. వాటి మూలల్లోని బిందువులు నోడ్‌లు, మొత్తం అల్లిక మెష్. 1 మీటరు ఎత్తు నుంచి జారవిడిచిన ఉక్కు బ్రాకెట్ ఇది. నేలను తాకేసరికి వేగం సెకనుకు 4.43 మీటర్లు. తాకడం, వంగడం, అంతవరకు అంతా సహజంగానే ఉంది. ఆ తర్వాత ఒక మూలనున్న నోడ్ ఎక్కడికో ఎగిరిపోయింది. మొత్తం శక్తి ఎంత అని చూస్తే, ఆ అంకెకు అర్థమే లేదు.

ఇలాంటప్పుడు చేయి ముందు డాంపింగ్ (ఊగిసలాటను అణచే నిరోధం) మీదికి వెళ్తుంది. అది పెంచి చూస్తాం, మెష్ మార్చి చూస్తాం, ఏదో ఒకటి కుదిరి లెక్క చివరిదాకా నడిస్తే ఊపిరి పీల్చుకుంటాం. దయచేసి అలా చేయకండి. ఎక్కడ పేలింది, ఏ క్షణంలో పేలింది, ఏ తీరున పేలింది అన్న మూడు విషయాలను లెక్క మనకు చెప్పే పోయింది. ముందు అవి వినాలి.

[తెర మీద: మూలనున్న నోడ్ వేగం గ్రాఫ్. చివరి 150 స్టెప్పులు పెద్దవిగా.]

ఈ గ్రాఫ్ చూడండి. దూరం నుంచి చూస్తే ఒక్కసారిగా పైకి లేచినట్టుంది. దగ్గరికి వెళ్తే రంపపు పళ్లు కనిపిస్తాయి. ఒక స్టెప్పులో ప్లస్, తర్వాతి స్టెప్పులో మైనస్, మళ్లీ ప్లస్. ప్రతి పన్నూ ముందుదానికంటే పెద్దది. ప్రతి స్టెప్పుకూ గుర్తు మారుతూ పెరుగుతోందంటే ముందుగా అనుమానించాల్సింది టైమ్ స్టెప్‌నే, అంటే లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే సమయాన్నే.

ఎందుకో చెబుతాను. ఇప్పటి స్థితి నుంచే తర్వాతి క్షణాన్ని నేరుగా లెక్కించే ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో ఒక స్టెప్పులో కబురు పక్క ఎలిమెంట్‌ దాకానే చేరుతుంది. నిజమైన ఉక్కు దిమ్మెలో ఒత్తిడి తరంగం సెకనుకు దాదాపు 6000 మీటర్ల వేగంతో పోతుంది. నా మెష్‌లో ఎలిమెంట్ పొడవు 6 మిల్లీమీటర్లు. అంటే తరంగం దాన్ని దాటడానికి 1 మైక్రోసెకను పడుతుంది. నా టైమ్ స్టెప్ అంతకన్నా పెద్దదైతే, అసలు తరంగం లెక్కలోని కబురు కంటే ముందుకు పోతుంది. అక్కడి నుంచి లెక్క నిలబడదు. కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు 1928లోనే ఈ హద్దును రాసిపెట్టారు. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటరే లేదు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

హద్దును కొంచెమే దాటితే పరవాలేదనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. టైమ్ స్టెప్ హద్దు కంటే 1 శాతం, అవును, ఒక్క శాతమే ఎక్కువైందనుకోండి. ఈ పద్ధతి వాడే సెంట్రల్ డిఫరెన్స్ సూత్రంలో ఆ విలువ పెడితే, లెక్కలో ఉన్న పొరపాటు ప్రతి స్టెప్పుకూ 1.33 రెట్లవుతుంది, గుర్తు తిరగబడుతుంది. ఆ రంపపు పళ్లు ఇవే. కంప్యూటర్ అంకెల్లో 16వ స్థానంలో ఎప్పుడూ ఉండే చిన్న తేడా, ఈ లెక్కన 130 స్టెప్పుల్లో 1 అంత పెద్దదవుతుంది. మైక్రోసెకను చొప్పున చూస్తే మిల్లీసెకనులో ఎనిమిదో వంతు సమయం చాలు.

[తెర మీద: బ్రాకెట్ మూల, రంగుల్లో ఎలిమెంట్ పొడవులు.]

అయితే నా స్టెప్ మొదట్లో హద్దు లోపలే ఉంది. మరి మధ్యలో ఎందుకు పేలింది? సాల్వర్, అంటే లెక్క నడిపే ప్రోగ్రాం, తనంతట తాను హద్దులో 0.9 వంతు తీసుకుంటుంది. ఆ పదో వంతు సమయం ఆదా చేద్దామని స్టెప్‌ను నేనే 0.99 మైక్రోసెకన్ల దగ్గర కట్టేశాను. బ్రాకెట్ నేలను తాకగానే ఈ మూలనున్న ఎలిమెంట్ 2 శాతం నొక్కుకుపోయింది. 6 మిల్లీమీటర్లది 5.88 అయింది. దానితో పాటు హద్దు 0.98కి దిగింది. నా స్టెప్ 0.99. దాటినది ఒక్క శాతమే. మెష్ మొత్తానికీ హద్దు పెట్టేది దానిలోని అతి చిన్న ఎలిమెంటే, అందులోనూ వంగిన తర్వాత మిగిలిన పొడవే. రంధ్రం అంచున 0.3 మిల్లీమీటర్ల పీలిక ఒక్కటి ఉన్నా హద్దు 20వ వంతుకు పడిపోతుంది. అందుకే లాగ్ ఫైలులో "హద్దు పెట్టిన ఎలిమెంట్ నంబరు" అని వచ్చే పంక్తిని వదలకండి. ఆ తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

అదే లాగ్‌లో మరో పంక్తి కూడా చూడండి: మొదటి టైమ్ స్టెప్ విలువ. మిల్లీమీటరు, టన్ను, సెకను కొలతల్లో ఉక్కు సాంద్రత 7.85 × 10⁻⁹. అలవాటు కొద్దీ 7850 అని రాస్తే పదార్థం లక్ష కోట్ల రెట్లు బరువెక్కుతుంది, తరంగం వేగం పది లక్షల వంతుకు పడిపోతుంది. 6 మిల్లీమీటర్ల ఉక్కు ఎలిమెంట్‌కు టైమ్ స్టెప్ 1 సెకను అని కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కరలేదు, యూనిట్లు తప్పాయి.

[తెర మీద: స్టెప్ సరిచేసిన లెక్క. బ్రాకెట్ పడుతుంది, వంగుతుంది, పైకి లేస్తుంది.]

స్టెప్‌ను మళ్లీ సాల్వర్‌కే వదిలేశాను. లెక్క చివరిదాకా నడిచింది. ఒక్క హెచ్చరిక లేదు. నాకు భయం వేసింది ఇక్కడే. వంగిన చోట మెష్‌ను దగ్గరగా చూడండి. చతురస్రాలుగా ఉండాల్సినవి ఒకటి విడిచి ఒకటి తలకిందులైన ట్రపీజియంలుగా మారాయి.

దీన్ని అవర్‌గ్లాస్ (ఇసుక గడియారం) అంటారు. ఎనిమిది నోడ్‌ల ఇటుక ఎలిమెంట్‌కు 24 రకాల కదలికలుంటాయి. లెక్క త్వరగా సాగాలని, దాని మధ్యబిందువు దగ్గర మాత్రమే సాగుదలను కొలుస్తాం. అక్కడ కనిపించేవి ఆరు సాగుదలలు. ఇంకో ఆరు మొత్తం ఎలిమెంట్ కదిలే, తిరిగే కదలికలు. మిగిలిన 12 కదలికల్లో ఎలిమెంట్ ఎంత వంకరపోయినా మధ్యబిందువుకు తెలియదు, అందుకే అది ఏ ప్రతిఘటనా చూపదు. వంపు కూడా ఆ పన్నెండింటిలోదే! నా బ్రాకెట్ రేకు మందం 6 మిల్లీమీటర్లు, మందంలో నేను పెట్టినది ఒకే ఎలిమెంట్. వంగడాన్ని కొలవడానికే కట్టిన మోడల్‌లో, వంపు కనబడని ఎలిమెంట్ పెట్టాను.

ఫ్లానగన్, బెలిచ్కో 1981లో ప్రచురించిన పద్ధతి ఈ కదలికలకు కృత్రిమ నిరోధం ఇస్తుంది. అలాంటిదేదో ఒకటి సాల్వర్లలో ఉంటుంది. కానీ ఆ నిరోధం మింగే శక్తి ఎంతో చూడాలి. అంతర్గత శక్తిలో 10 శాతం దాటితే ఫలితాన్ని నేను నమ్మను. నా లెక్కలో దాటింది. చాప కింద నీరులా వచ్చే తప్పు ఇది.

పేలిన లెక్క ఎవరినీ మోసం చేయదు. పేలకుండా తప్పు చెప్పిన లెక్క ఎంత పని చేస్తుందో నార్వేలో స్లైప్నర్ ఎ అనే సముద్రపు చమురు, గ్యాస్ వేదిక చూపించింది. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గరి గాండ్స్‌ఫియోర్డ్‌లో, నీళ్లు నింపి మెల్లగా ముంచుతూ పరీక్షిస్తుండగా ఆ వేదిక కాంక్రీటు పునాది గోడ బీటలువారి, మొత్తం మునిగిపోయింది. అడుగును తాకినప్పుడు భూకంప యంత్రాల మీద 3 తీవ్రత నమోదైంది. డిజైన్ లెక్కలో, మూడు గదులు కలిసే మూల దగ్గర ఎలిమెంట్లు సరిగ్గా లేక, కోత ఒత్తిడి (పక్కపక్క పొరలను ఎదురెదురుగా జరిపే ఒత్తిడి) 47 శాతం తక్కువగా వచ్చింది. తర్వాత జాగ్రత్తగా లెక్కిస్తే ఆ గోడ 62 మీటర్ల లోతులో విరగాలని తేలింది. విరిగింది 65 మీటర్ల దగ్గర. పద్ధతి ఎంత శక్తిమంతమైనదో కూడా ఆ రెండు అంకెలే చెబుతాయి.

[తెర మీద: స్థిర లెక్కలో "సున్నా పివట్" హెచ్చరిక.]

సమీకరణాలన్నిటినీ ఒకేసారి కలిపి సాధించే ఇంప్లిసిట్ లెక్కల గురించి క్లుప్తంగా. సున్నా పివట్ హెచ్చరిక (సాధిస్తుండగా భాగించాల్సిన అంకె సున్నా అయిందని అర్థం) వస్తే ఏదో ఒక భాగం దేనికీ అతుక్కోకుండా తేలుతోందని అనుమానించండి. సాధారణంగా ఒక బోల్టో, కలపడం మరిచిన ఉపరితలమో. బలాలన్నీ తీసేసి అదే మోడల్‌కు సహజ పౌనఃపున్యాల లెక్క నడపండి. సున్నా దగ్గర వచ్చే రూపాలను కదిలించి చూస్తే, ఏ భాగం తేలుతోందో కళ్లకు కనిపిస్తుంది. రెండు భాగాలు తాకే చోట లెక్క పెట్టే బిగువును, అంటే కాంటాక్ట్ స్టిఫ్‌నెస్‌ను మాత్రం అవసరానికి మించి పెంచకండి. కంప్యూటర్‌కు ఉన్నవి 16 అంకెలే. చిన్న తేడాను సమీకరణాలు ఎన్ని రెట్లు పెంచగలవో చెప్పే కండిషన్ నంబరు 10¹⁰కు చేరితే వాటిలో పది వరకు పోవచ్చు.

[తెర మీద: కొత్త మెష్. మందంలో నాలుగు పొరలు.]

ఇక మన బ్రాకెట్. మందంలో నాలుగు పొరలు పెట్టాను, ఒక్కొక్కటి 1.5 మిల్లీమీటర్లు. ఎలిమెంట్లు నాలుగు రెట్లు, టైమ్ స్టెప్ నాలుగో వంతు. గంటలో అయ్యే లెక్కకు 16 గంటలు.

[తెర మీద: శక్తి గ్రాఫ్. గతిశక్తి గీత దిగుతుంది, అంతర్గత శక్తి గీత ఎక్కుతుంది, అవర్‌గ్లాస్ గీత అడుగునే ఉంటుంది.]

పైన ఉన్న నల్లగీత మొత్తం శక్తి. బ్రాకెట్ నేలను తాకిన క్షణం ఇక్కడ. వంగడం ఆగినది ఇక్కడ. తిరిగి పైకి లేచినది ఇక్కడ. ఈ మూడు చోట్లా నల్లగీత కదలలేదు.